ఒక మిల్లీమీటరు

మా బావగారి వైద్యం వెనకబడటానికి కారణం నేను. దూరాభారమని, కోనసీమకు రైలు లేదని, డబ్బు సమయానికి కుదరలేదని బంధువులకు చాలా చెప్పుకొచ్చాను. అసలు కారణాలు అవేవీ కావు. డాక్టరుగారు రాసిచ్చిన చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. దాన్ని నేను చదవలేదు. పైగా అందులో రాసిందే చేయించానని అక్కయ్యతో అన్నాను. మొన్నటిదాకా ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు చెప్పేశాను కాబట్టి కాగితం మీద కూడా పెడుతున్నాను.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పి.గన్నవరం, అయినవిల్లి, కొత్తపేట చుట్టుపక్కల నా గొలుసు పడని ఊరు తక్కువ. గోదావరి పొంగి తీశాక లంకల్లో ఎవరి చెక్క ఎందాకానో తేల్చడం కష్టమైన పని. రాళ్ళు కొట్టుకుపోతాయి, గట్లు కరిగిపోతాయి, మిగిలేది మా శాఖ కొలతల పుస్తకం, ఎఫ్‌ఎంబీలోని పటం ఒక్కటే. ఆ పటం పట్టుకుని నేను హద్దు చూపిస్తే రెండు పక్షాలవాళ్ళూ ఒప్పుకునేవారు. ఇప్పటికీ ఊళ్ళో గట్టు తగువు వస్తే నాకే కబురొస్తుంది. ఆ మంచిపేరు నా బుర్రలో ఒక చెడ్డ నమ్మకాన్ని నాటింది. గీతలున్న కాగితం ఏదైనా సరే, నేను చదవగలననుకున్నాను.

బావగారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. మొహమాటస్తుడు. ఒంట్లో ఏదైనా ఇబ్బంది ఉంటే అక్కయ్యకు కూడా చెప్పరు. ఒకరోజు సాయంత్రం కాలవగట్టు మీద నడుస్తుంటే నాతో అన్నారు, "ఏమయ్యా, దొడ్డికెళ్తే నెత్తురు పడుతోంది" అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మొలలండి బావగారూ, నాకూ వచ్చి పోయాయి" అన్నాను. రావులపాలెం నుంచి రాజోలు దాకా ఏ గోడ చూసినా మొలలకు మందు రాసే ఉంటుంది కదా, ఇంకేమవుతుందనుకున్నాను. పచ్చిమిరపకాయ మానమన్నాను, పలచటి మజ్జిగ తాగమన్నాను, మా దొడ్లో తవ్విన కందదుంప పంపించి కూర చేసి పెట్టమని అక్కయ్యకు చెప్పాను. మెడికల్ షాపులో పూతమందు ఒకటి నేనే కొనిపెట్టాను. రక్తం కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ కనిపించేది. తర్వాత్తర్వాత "ఎన్నిసార్లు వెళ్ళొచ్చినా ఇంకా లోపలేదో ఉన్నట్టే ఉంటోందయ్యా" అన్నారు. ఆ మాట వినగానే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలని నాకు ఇప్పుడు తెలుసు. నెత్తురు పడటం, వెళ్ళొచ్చినా వెళ్ళనట్టే ఉండటం, మనిషి చిక్కిపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే మొలలని తేల్చేయడానికి ఏ బావమరిదికీ అర్హత లేదు. ఆయన బెల్టు ఇంకో బెజ్జం లోపలికి వెళ్ళినా నేను ఆ చిక్కడాన్ని ఎండాకాలం మీదకు నెట్టాను.

చివరికి అమలాపురంలో ఒక డాక్టరుగారు చేతికి తొడుగు వేసుకుని వేలితో పరీక్ష చేశారు. అర నిమిషం పట్టే పరీక్ష. ఆ తర్వాత ఆయన చేతులు కడుక్కుంటూ మా ఇద్దరివైపూ చూడలేదు. కొలొనోస్కోపీ, ముక్క పరీక్ష, వెంటవెంటనే అయిపోయాయి. మలాశయంలో క్యాన్సరు. మలద్వారం అంచు నుంచి 7 సెంటీమీటర్ల పైన. ఛాతీకి, కడుపుకు సీటీ తీశారు. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇంటికొచ్చి పండగలా చెప్పాను.

విశాఖ తీసుకెళ్ళాం. ఇక్కడ రైలు లేదు కాబట్టి రాజమండ్రి దాకా కారులో వెళ్ళి అక్కడ రైలెక్కాం. విశాఖలో సర్జనుగారు ఫైలంతా చూసి, బావగారిని మళ్ళీ స్వయంగా పరీక్ష చేసి, చీటీ మీద నాలుగు లైన్లు రాసి నా చేతికిచ్చారు. "ఈ ఎమ్మారై తీయించుకుని రండి, అది చూశాకే ఆపరేషన్ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు. నేను "అలాగేనండి" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో నా బుర్ర పనిచేసిన తీరు ఇదీ. సీటీ తీశారు. కాలేయం బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. ముక్క పరీక్షలో జబ్బు తేలింది. తెలియాల్సింది తెలిసిపోయాక మళ్ళీ స్కానింగు ఎందుకు? కమిషను కోసమే అయ్యుంటుంది. స్కానింగు సెంటర్లకు రాసిచ్చేవాళ్ళ గురించి మనం వినే మాటలన్నీ అబద్ధాలు కావు. అందువల్లే నా అనుమానం నాకు తెలివిలా కనిపించింది. ఆ ఎమ్మారై జబ్బుందో లేదో చూడటానికి కాదని, కత్తి ఎక్కడ పెట్టాలో, అసలు ముందు కత్తి పెట్టాలో వద్దో తేల్చడానికని ఎవరైనా చెబితే వినే స్థితిలో కూడా నేను లేను. సర్జనుగారు బావగారికి అదే చెబుతున్నప్పుడు నేను కింద కౌంటరు దగ్గర బిల్లు మీద వాదిస్తున్నాను.

పైగా అది పుష్యమాసం. జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళే ప్రభల్లో ఒకటి బావగారి ఊరిది. కనుమనాడు ఆయన లేకుండా ప్రభ కదలడం ఇంటిల్లిపాదికీ వెలితి. "తీర్థం అయ్యాక చూద్దాంలెండి" అన్నది నేనే. ఆయన "ఆయ్, అలాగే కానీ" అన్నారు. ప్రభ ఎత్తి చేలకడ్డంగా, కాలవలో దిగి నడిచేవాళ్ళ పక్కన ఆయన గట్టు మీద నడిచారు. మధ్యలో రెండుసార్లు పక్కకు వెళ్ళొచ్చారు. నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

తీర్థం అయ్యాక, తెలిసినవాళ్ళ ద్వారా తక్కువలో అయ్యే ఒక సెంటరుకు తీసుకెళ్ళాను. చీటీ చూపిస్తే ఇంకేవో కలిపి రేటు పెంచుతారని భయపడి చీటీ తీయలేదు. "కడుపుకి ఎమ్మారై అండి" అన్నాను. వాళ్ళు నేనడిగిందే చేశారు. తప్పు వాళ్ళది కాదు. రక్తనాళంలోకి మందు ఎక్కించి మరీ కడుపంతా తీశారు. డాక్టరుగారి చీటీలో ఆ మందు అక్కర్లేదని రాసుంది. అంటే ఆయన వద్దన్నదానికి డబ్బు కట్టి, కావాలన్నదాన్ని వదిలేశాను. రిపోర్టులో మలాశయం గోడ మందంగా ఉందని ఒక్క వాక్యం. సీడీ ఇస్తామన్నా "ఫిల్ములు చాలు" అన్నాను. ఇంటికొచ్చి ఫిల్ము తీసి వసారాలో వెలుతురుకు పట్టుకుని, అక్కయ్య పక్కన నిలబడి చూస్తుండగా, "చిన్నదేనక్కయ్యా" అన్నాను. ఏది గడ్డో, ఏది పేగో, ఏది మూత్రకోశమో నాకు తెలియదు. ఒక నల్లమచ్చ మీద వేలు పెట్టి చూపించాను. అది గాలి అని తర్వాత తెలిసింది. "డాక్టరు రాసిందేనా ఇది?" అని అక్కయ్య అడిగింది. "ఆయ్, అదే" అన్నాను.

విశాఖలో సర్జనుగారు ఆ ఫిల్ములను లైటు పెట్టె మీద ఎక్కువసేపు ఉంచలేదు. సీడీ అడిగారు, లేదన్నాను. "ఇందులో నాకు కావలసింది లేదండి. మళ్ళీ తీయించాలి" అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు ఎదురు వాదించడానికి వీలు దొరికేది. ఆ రోజుకు అపాయింట్‌మెంటు లేదు, తర్వాత రమ్మన్నారు. మళ్ళీ ఊరికి, మళ్ళీ విశాఖకు. ఈలోగా ఎన్ని వారాలు జారిపోయాయో లెక్క కట్టే ధైర్యం అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

ఎమ్మారై గదిలోకి వెళ్ళేముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. ఉంగరం, గడియారం తీశారు. మొలతాడు తీయమన్నారు. వెండి బిళ్ళలున్న మొలతాడు అది. చిన్నప్పుడు కట్టింది తెగితే కొత్తది కట్టుకున్నాకే పాతది తీసే మనిషి ఆయన. తెర వెనక నిలబడి ముడి విప్పడం చేతకాక అక్కయ్యను పిలిచారు. ఆవిడ పళ్ళతో ముడి లాగి విప్పి కొంగున కట్టుకుంది. లోపల అరగంట పైన పట్టింది. తలుపు అవతల నుంచి డమడమమని మోత వస్తూనే ఉంది. అక్కయ్య కొంగు పట్టుకునే కూర్చుంది. నేను ఆవిడ పక్కన కూర్చోలేక నిలబడ్డాను. మొదటి చీటీ ప్రకారం చేసి ఉంటే ఇది ఎప్పుడో అయిపోయేది.

ఆ సాయంత్రం రేడియాలజీ విభాగంలో ఒక డాక్టరమ్మ, వయసులో మా మేనకోడలంత ఉంటుంది, మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. రోగి బంధువులకు అలా చూపించాలని నియమమేమీ లేదు. నేను సర్వేయరునని బావగారు చెప్పారట. నా జీవితంలో అంతకంటే శ్రద్ధగా ఏ పటం ముందూ కూర్చోలేదు.

ఆవిడ మౌస్ చక్రం తిప్పుతుంటే బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఒక్కో ముక్క మందం 3 మిల్లీమీటర్లు. అవి మనిషికి అడ్డంగా కోసినట్టు తీసినవి కావు, గడ్డ ఎటు ఒరిగి ఉందో చూసి సరిగ్గా దానికి అడ్డంగా తీసినవి. ఆ కోణం తప్పితే అంచు మసకబారుతుంది, లేనిచోట పాకినట్టూ కనిపించవచ్చు. చీటీలోని నాలుగు లైన్లలో ఒకటి అదే. మధ్యలో మలాశయం, దాని కండర గోడ నల్లటి వలయం. గడ్డ బూడిదరంగులో ఆ వలయాన్ని ఒకవైపు తెంపుకుని బయటికి వచ్చింది. చుట్టూ తెల్లగా మెరుస్తున్నది కొవ్వు. ఆ తెలుపు చుట్టూ వెంట్రుకంత నల్లగీత. "సార్, ఈ గీత చూడండి" అంది ఆవిడ.

మలాశయం చుట్టూ కొవ్వు ఒక మూటలా ఉంటుంది. రక్తనాళాలు, లింఫ్ గ్రంథులు ఆ కొవ్వులోనే ఉంటాయి. క్యాన్సరు గోడ దాటితే ముందు పాకేది అందులోకే. ఆ మూటను చుట్టి ఒక పలచటి పొర ఉంది. బొమ్మలో నల్లగీతలా కనిపించేది ఆ పొరే. నా భాషలో చెప్పుకుంటే అది రెండు సర్వే నంబర్ల మధ్య గట్టు. గట్టు లోపలిదంతా తీసేయాల్సిన భూమి. గట్టు అవతల ప్రోస్టేటు, వీర్యకోశాలు, మూత్రానికీ సంసారానికీ సంబంధించిన నరాలు, త్రికాస్థి. సర్జను కత్తి ఆ గట్టు వెంటే, గట్టు చెదరకుండా, చుట్టూ తిరిగి రావాలి. లోపలికి జరిగితే జబ్బు మిగిలిపోతుంది, బయటికి జరిగితే నరాలు పోతాయి.

ఈ సంగతి నిలబెట్టింది ఇంగ్లండులో బేసింగ్‌స్టోక్ అనే ఊరి సర్జను బిల్ హీల్డ్. మలాశయాన్ని దాని కొవ్వు మూటతో సహా, పొర చిరగకుండా, చెయ్యి పెట్టి లాగకుండా కళ్ళతో చూస్తూ కోసి తీస్తే జబ్బు అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని ఆయన 1982లో రాశారు. అంతకుముందు ఎంతోమందికి ఆపరేషను బాగా అయిందనుకున్నా కటిలో మళ్ళీ గడ్డ లేచేది. ఎందుకు లేచేదో 1986లో లీడ్స్ పాథాలజిస్టు ఫిల్ క్వర్క్ చూపించారు. తీసిన ముక్కను పొడుగునా కాకుండా అడ్డంగా పలచటి బిళ్ళలుగా కోసి చూస్తే, జబ్బు తిరగబెట్టినవాళ్ళలో ఎక్కువమందికి గడ్డ పక్క అంచును తాకి ఉంది. అక్కడి నుంచే ఒక మిల్లీమీటరు లెక్క వచ్చింది. గడ్డకూ ఆ అంచుకూ మధ్య ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే అంచు అంటుకున్నట్టే లెక్క.

ఆపరేషను అయ్యాక ఆ సంగతి తెలిసి ఏం లాభం? కత్తి పట్టకముందే ఆ మిల్లీమీటరు కనబడాలి. సీటీ దానికి చాలదు. ఒళ్ళంతా ఒక్క చుట్టులో చూసి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఏముందో చెప్పడంలో దానికి సాటి లేదు. కటి లోపల, అంత ఇరుకులో, గోడ పొరలను, ఆ పలచటి పొరను విడదీసి చూపించడం ఎమ్మారై పని. అది నమ్మదగినదేనా అని యూరప్‌లోని 11 ఆసుపత్రులు కలిసి 408 మంది మీద పరీక్షించాయి. లండన్ రేడియాలజిస్టు జీనా బ్రౌన్ దానికి ముందు నిలబడ్డారు. మెర్క్యురీ అధ్యయనం అంటారు, ఫలితాలు 2006లో వచ్చాయి. తర్వాత పాథాలజీలో శుభ్రంగా తేలిన అంచుల్లో నూటికి 92 ఎమ్మారై ముందే శుభ్రమని చెప్పినవే. నేను కమిషను కోసమనుకున్న కాగితం వెనక ఇంతమంది పని ఉంది.

బావగారి బొమ్మల్లో ముందువైపు, వీర్యకోశాల దగ్గర, బూడిదరంగు నల్లగీతను దాదాపు ఆనుకుని ఉంది. డాక్టరమ్మ కొలిచి చూపించింది. ఒక మిల్లీమీటరు లేదు. నేను తెర మీదకు వంగి చూశాను. అంత స్పష్టంగా కనిపిస్తున్న హద్దును నేను నా ముప్పై చిల్లర ఏళ్ళ ఉద్యోగంలో ఏ పటంలోనూ చూడలేదు.

సర్జనుగారు, రేడియాలజిస్టు, రేడియేషను డాక్టరు, మందుల డాక్టరు అందరూ కలిసి కూర్చుని నిర్ణయం చెప్పారు. ఇప్పుడు ఆపరేషను వద్దు. ముందు రేడియేషను, మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు, వారానికి అయిదు రోజులు, అయిదు వారాలు. దాంతోపాటు కాపెసిటబిన్ మాత్రలు. ఆ తర్వాత రెండు నెలలు ఆగి మళ్ళీ ఎమ్మారై. గడ్డ గీత నుంచి వెనక్కి జరిగితే అప్పుడు ఆపరేషను.

ఇంత చూశాక కూడా నేను మళ్ళీ తెలివితక్కువతనానికే దిగాను. రాసుకోవడానికి అన్నిటికంటే కష్టంగా ఉన్న భాగం ఇదే. ఎందుకంటే ఈసారి తెలియక చేశాననడానికి లేదు. "గడ్డ కనిపిస్తూ ఉంటే కోసి తీయకుండా నెలల తరబడి వాయిదా ఏమిటండీ" అని వాళ్ళతో గొడవపడ్డాను. వదిలేశారేమోనని భయం వేసింది, ఆ భయాన్ని పౌరుషంగా చూపించాను. వారంలో ఆపరేషను చేస్తామనే చోటు ఒకటి ఫోనులో వెతికి పట్టుకున్నాను. బస చేసిన గదిలో ఆ రాత్రి బావగారికి చెబితే ఆయన "నువ్వెలాగంటే అలాగే" అన్నారు. నన్ను నమ్మి. అక్కయ్య అప్పటిదాకా పక్క దులుపుతోంది. తిరిగి చూడకుండానే అడిగింది:

"ఆ అమ్మాయి చూపించిందిగా, గడ్డ గీతకి ఆనుకుని ఉందని. నువ్వూ చూశావుగా. మరి ఇప్పుడు కోస్తే కత్తి ఎటునుంచి పోతుందిరా?"

నా దగ్గర జవాబు లేదు. గట్టు మీదే ఆక్రమణ ఉన్నప్పుడు గట్టు వెంట గొలుసు లాగలేమని నాకంటే తెలిసినవాడెవడు? ఆవిడ ఎనిమిదో తరగతి చదివింది. బొమ్మ చూసి అర్థం చేసుకుంది. నేను బొమ్మ చూసి నా మాట నెగ్గించుకోవాలని చూశాను.

రేడియేషను ఆపరేషనుకు ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా అన్నది కూడా గాల్లో తేల్చింది కాదు. జర్మనీలో ఎనిమిది వందల మందికి పైగా రోగులతో చేసిన పరీక్ష 2004లో అచ్చయింది. ముందు పెట్టినవాళ్ళలో అయిదేళ్ళలో అక్కడే తిరగబెట్టింది నూటికి ఆరుగురికి, తర్వాత పెట్టినవాళ్ళలో 13 మందికి. ఈ లెక్క నేను ఆపరేషను అయిపోయాక చదివాను. ముందే చదివి ఉన్నా ఆ రాత్రి ఒప్పుకునేవాణ్ణో లేదో.

చివరికి వాళ్ళు చెప్పినట్టే చేశాం. రేడియేషను అయిదు వారాలూ బావగారు మూత్రంలో మంటతో బాధపడ్డారు, మెత్తటి దిండు లేకుండా కూర్చోలేకపోయారు. చొల్లంగి నుంచి తెచ్చిన చేప కూడా సహించలేదు. ఆ తర్వాత ఆగమన్న రెండు నెలలూ కరెంటు చేసిన పని లోపల సాగుతూనే ఉంటుందట. అందుకే ఆగమంటారు. తిరిగి తీసిన ఎమ్మారైలో బూడిదరంగు చాలావరకు నల్లటి మచ్చగా మారింది. అది జబ్బు మానిన మచ్చ. ముందువైపు నల్లగీతకూ దానికీ మధ్య తెల్లటి సందు వచ్చింది.

అప్పుడు కువైట్ నుంచి మా అన్నయ్యగారబ్బాయి ఫోను చేసి, గడ్డ పూర్తిగా కరిగితే ఆపరేషనే అక్కర్లేదని, బ్రెజిల్‌లో ఆంజెలీటా హబర్-గామా అనే సర్జను అలా ఆగి గమనించిన రోగుల సంగతి 2004లోనే రాశారని చెప్పాడు. నిజమే. నేను ఆ మాట పట్టుకుని మళ్ళీ సర్జనుగారి దగ్గరికి పోబోయి ఆగాను. ఈసారి వాదించలేదు, అడిగాను. వేలికి తగలకూడదు, కెమెరాకు కనిపించకూడదు, ఎమ్మారైలో మిగలకూడదు, మూడూ ఒప్పుకుంటేనే ఆ దారి, అదీ కొన్ని నెలలకోసారి తప్పకుండా వచ్చి చూపించుకునేవాళ్ళకే అన్నారు. బావగారికి కొంచెం బూడిదరంగు మిగిలే ఉంది. ఆపరేషనుకే వెళ్ళాం.

పొట్టకు చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చేశారు. కింది అతుకు మానేదాకా మలం దాని మీదుగా పోకుండా చిన్నపేగును పొట్ట మీదకు తెచ్చి సంచీ పెట్టారు. ఆ చోటును ముందురోజే, బావగారిని కూర్చోబెట్టి, నిలబెట్టి, పంచె ఎక్కడ కడతారో చూసి పెన్నుతో గుర్తు పెట్టారు. సంచీ మార్చడం అక్కయ్య రెండోసారికే నేర్చుకుంది. కొన్ని నెలల తర్వాత పేగు లోపలికి పెట్టేశారు. ఎమ్మారై చూడకుండా చేసి ఉంటే ఆ సంచీ జీవితాంతం ఉండేదా, నరాలు పోయేవా, గడ్డ తిరగబెట్టేదా, ఏదైనా జరిగి ఉండవచ్చు. పాథాలజీ వాళ్ళు ముక్క వెలుపలి అంచుకు సిరా పూసి, అడ్డంగా బిళ్ళలు కోసి కొలిచారు. అంచు శుభ్రం. పొర చిరగలేదు.

అంతా బాగానే ముగిసింది కదా అని బంధువులంటారు. నాకు మిగిలిన ప్రశ్న వేరు. నేను పోగొట్టిన ఆ వారాల్లో ఏమైంది? తీర్థానికి ముందే, చీటీలో రాసినట్టే తీయించి ఉంటే, ఆ బూడిదరంగుకూ నల్లగీతకూ మధ్య సందు ఉండేదేమో. ఉంటే బావగారు అయిదు వారాల కరెంటు, ఆ మంట, ఆ మాత్రలు పడాల్సిన పని ఉండేది కాదేమో. డాక్టరమ్మను అడిగాను. నేను తీయించిన మొదటి ఎమ్మారై తీసి చూడమన్నాను. ఆవిడ ఆ ఫిల్ము చూసి, "ముక్కలు మందంగా ఉన్నాయి సార్, కోణం వేరు. దీంతో దాన్ని పోల్చలేను" అంది. ఈ గడ్డలు సాధారణంగా కొన్ని వారాల్లో అంత పరిగెత్తవని కూడా అంది. నన్ను ఊరడించడానికి అందో, నిజంగా అంతేనో. పోల్చడానికి పటం లేదు. లేకుండా చేసింది నేను.

ఇప్పుడు గడ్డ అంచును కంప్యూటరే గీసి, పొరను ఒక రంగులో, నరాల దారిని ఒక రంగులో నిలబెట్టి సర్జనుకు చూపించే సాఫ్టువేర్లు వస్తున్నాయని అన్నయ్యగారబ్బాయి వీడియోలు పంపిస్తుంటాడు. ఆ పాత ఫిల్ము వాటికిస్తే ఏమైనా తేలుతుందేమోనని ఆశపడి డాక్టరమ్మకు ఒకటి చూపించాను. అలాంటివాటికి సరైన బొమ్మలిస్తేనే అవి సరిగ్గా గీస్తాయని, గీసింది కూడా మనిషి సరిచూడాలని అంది. బొమ్మ తీసేటప్పుడే పట్టని సంగతిని ఏ కంప్యూటరూ తర్వాత పట్టుకోలేదని కూడా అంది. ఆ రోజు నుంచి ఆ ఆశ వదులుకున్నాను.

మా వైపు ఎవరైనా ఇలాంటి చీటీతో నా దగ్గరికొస్తే ఒకటే చెబుతున్నాను. స్కానింగు కౌంటరు దగ్గర నోటితో చెప్పకండి, చీటీ చేతికివ్వండి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే అందులో కుదురుతుందేమో ముందే అడగండి, రేటు చూసి తక్కువలో అవుతుందని ఇంకోచోటికి పోకండి. ఫిల్ములతో ఊరుకోకుండా సీడీ తీసుకోండి. డాక్టరుగారిని, గడ్డకూ పొరకూ మధ్య ఎంత సందు ఉందని అడగండి. ఆయనకు ఆ మాట తెలుసు, చెబుతారు.

అక్కయ్యకు కిందటి నెల చెప్పాను. చీటీ, మొదటి ఫిల్ము రెండూ ముందు పెట్టి చెప్పాను. ఆవిడ చీటీ చివరిదాకా చదివింది. ఇంగ్లీషు రాకపోయినా చదివింది. "నిన్ను అడిగాను అప్పుడు, నువ్వన్నది నమ్మాను" అంది. తర్వాత వారమంతా నాతో మాట్లాడలేదు. బావగారు మాత్రం "నేనూ చీటీ చదవలేదు కదయ్యా, నా ఒంటిది కదా అది" అన్నారు. ఆ మాటతో ఆయన నన్ను దాటించాలని చూశారు. నేను దాటలేదు. ఆయన చదవకపోవడం నన్ను నమ్మినందువల్ల.

ఇప్పుడు మూడు నెలలకోసారి రక్తంలో క్యాన్సరు జాడ చెప్పే సీఈఏ చూస్తున్నారు, చెప్పిన వేళకు సీటీ తీస్తున్నారు, కొలొనోస్కోపీ చేస్తున్నారు. సీడీలన్నీ మా మేనకోడలి దగ్గర ఉంటాయి. విశాఖకు నేనూ వెళ్తాను. డాక్టరుగారి గదిలోకి మాత్రం ఆ అమ్మాయి వెళ్తుంది. ఆయన ఏం చెప్పారో బయటికి వచ్చాక నేను అడిగి తెలుసుకుంటాను.